ఫొటో వెనక పేరు

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

పెద్దమ్మకు షుగరు అదుపులోనే ఉంది, మోకాళ్లే ఆమె మాట వినడం లేదు. నీ ఉత్తరం కన్నా ముందు నీ గురించిన కబురు వచ్చింది. కంపెనీలో రాజీనామా ఇచ్చేశావట, ఇక పెద్దిళ్లవాళ్లకు ఫొటోలు తీసుకుంటూ బతుకుతావట అని మీ అత్తయ్య ఫోన్లో చెప్పి ఏడ్చినంత పని చేసింది. తర్వాత నీ ఉత్తరం అందింది. అందులో రాజీనామా ఊసే లేదు. పాత సంస్థానం వారసులు ఎవరో షష్టిపూర్తికి నిన్ను పిలిచారని, వాళ్ల ద్వారా బంజారాహిల్స్‌లో ఇంకో రెండిళ్లవాళ్లు మాట్లాడారని, ఇదే నా దారి పెదనాన్నా అని రాశావు. ఏది ఎంతవరకు నిజమో వెంటనే రాయి. కోపమేమీ లేదమ్మా. వెలుగు ఎటునుంచి పడుతోందో చూసే కన్ను నీకు చిన్నప్పుడే ఉందని ఈ ఇంట్లో మొదట గుర్తుపట్టింది మీ పెదనాన్నే. మీ తాతగారి హయాం నుంచి ఈ పనికీ మన ఇంటికీ ఉన్న సంబంధం నీకు తెలియనిది కాదు, అదంతా మళ్లీ ఎత్తను.

అయితే ఒక ఇంజనీరు సంగతి చెప్పాలి. ఆయన కూడా నీలాగే ఇంజనీరింగు చదివి కెమెరా పట్టాడు. రాజా దీన్‌దయాళ్. హైదరాబాద్‌లో ఈ పనిలో ఉంటూ ఆ పేరు వినకుండా ఉండవు. కానీ ఆ పేరు దాకా ఆయన ఎంత నిదానంగా నడిచాడో విని ఉండవు.

1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో, నగల వ్యాపారం చేసే జైన కుటుంబంలో పుట్టాడు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివాడు. ఇవాళ ఐఐటీ రూర్కీ అంటున్నది దాన్నే. 1866లో ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో హెడ్ ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. గోడ ఎంత పొడవు, సున్నం ఎంత పడుతుంది, ఖర్చు ఎంతకు తేలుతుంది అని లెక్కలు కట్టి, నక్షాలు గీసే కొలువు. కెమెరా పట్టింది 1874 ప్రాంతంలో. అప్పటికి ముప్పై ఏళ్లవాడు. ఇండోర్ మహారాజు రెండో తుకోజీరావు హోల్కర్ ఆయన పని మెచ్చి, మధ్యభారతంలో గవర్నర్ జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీకి పరిచయం చేశాడు. 1875-76లో వేల్స్ యువరాజు మన దేశం వచ్చినప్పుడు ఆ పర్యటన ఫొటోలు తీసే అవకాశం దక్కింది. డేలీ తర్వాత వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట 1882-83లో బుందేల్‌ఖండ్ అంతా తిరిగి కోటలూ గుళ్లూ తీశాడు. మధ్యభారత కట్టడాల మీద గ్రిఫిన్ 1886లో వేసిన పుస్తకంలోని ఫొటోలు ఆయనవే.

ఇక్కడే కాస్త ఆగి చదువు బుజ్జీ. యువరాజును తీశాక కూడా ఆయన సర్కారు కొలువు వదల్లేదు. వదిలింది 1880ల నడుమకు వచ్చాక. మొదటి ఫొటోకూ ఉద్యోగం మానడానికీ మధ్య పదేళ్లు గడిచాయి. ఆ పదేళ్లలో జీతం నెలనెలా వస్తూనే ఉంది, చెయ్యి తిరుగుతూనే ఉంది, పరిచయాలు ఒకదాని వెనక ఒకటి పేరుకుంటూనే ఉన్నాయి. నిన్ను పదేళ్లు ఆగమని అనడం లేదు, కాలం అప్పటిలా లేదు. ఒక్క షష్టిపూర్తిని నమ్ముకుని నెలజీతం వదలొద్దంటున్నాను. కనీసం ఒక పెళ్లిళ్ల కాలం, ఒక మూఢం కూడా చూడు. మూఢంలో ఫోను మోగదు. అప్పుడు ఇంటద్దె ఎలా కడతావో లెక్క వేసుకో. ఆ ఎస్టిమేటర్ చేసిన పని అదే కదా.

రాత్రి ఒంటిగంట దాకా ఎడిటింగు చేస్తున్నానని రాశావు. అన్నం వేళకు తింటున్నావా? మీ అమ్మకు చెప్పను, నాకు మాత్రం నిజం రాయి.

దీన్‌దయాళ్ మొదలుపెట్టిన రోజుల్లో ఫొటో తియ్యడం ఎంత కష్టమో ఒకసారి ఊహించుకో. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పోసి, చేత్తో అటూ ఇటూ వంచుతూ అంచుల దాకా సమంగా పరచాలి. దాన్ని చీకట్లో సిల్వర్ నైట్రేట్ తొట్టిలో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి తీసి, తడి ఆరకముందే కడిగెయ్యాలి. అంతా పది, పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. సాంచీ అయినా ఖజురహో అయినా చీకటి గుడారం, మందుల సీసాలు, గాజు పలకల పెట్టెలు కూడా వెళ్లాల్సిందే. ఆరిన ప్లేట్లు బజారుకొచ్చాక కొంత ఊపిరాడింది. ప్రింటు వేసే కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూత. దాని మీద నెగటివ్ పెట్టి ఎండలో ఉంచితే బొమ్మ తేలేది. ఒక్క ఫొటో వెనక అంత శ్రమ ఉండేది కాబట్టే ఒక్క పలకనూ అలక్ష్యం చేసేవాళ్లు కారు. ఈ మాట మళ్లీ చివర్లో వస్తుంది, గుర్తుంచుకో.

ఆ తర్వాతే హైదరాబాద్ కథ. 1885లో వైస్రాయి లార్డ్ డఫరిన్ దీన్‌దయాళ్‌ను తన ఫొటోగ్రాఫర్‌గా నియమించాడు. ఆ ప్రాంతంలోనే సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. విక్టోరియా మహారాణి రాయల్ వారెంటు దక్కింది. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనకు ఆయన ఫొటోలు వెళ్లాయి. 1894లో నిజాం రాజా బహాదూర్ ముసవ్విర్ జంగ్ బిరుదిచ్చాడు. 1896లో బొంబాయిలో ఇంకో స్టూడియో. కొడుకులు జ్ఞాన్‌చంద్, ధరంచంద్ పనిలోకి దిగారు.

వరస చూశావా? హోల్కర్ డేలీకి చెప్పాడు, తర్వాత గ్రిఫిన్ వెంట తిప్పుకున్నాడు, అక్కడి నుంచి వైస్రాయి, ఆపైన నిజాం. రెండో గడప మొదటి గడపలోంచే తెరుచుకుంది. పెద్దిళ్ల పనిలో బోర్డులు, ప్రకటనలు చేసేది తక్కువ. ఒక ఇంటి హాల్లో నీ ఫొటో గోడకెక్కితే, కాఫీకి వచ్చిన వియ్యపురాలు ఎవరు తీశారని అడుగుతుంది. అందుకే షష్టిపూర్తి ఫొటోలు ఆలస్యం చెయ్యకు. పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి వచ్చెయ్యకు. ఒక పెద్ద ప్రింటు చక్కగా ఫ్రేము కట్టించి నువ్వే తీసుకెళ్లి ఇవ్వు. అడ్వాన్సు మాత్రం ముందే తీసుకో. గొప్పిళ్లలో డబ్బుకు లోటుండదు, అడిగేవాళ్లకే మొహమాటం. పెదనాన్న ఫొటో స్టూడియోలో పనిచేసిన రోజుల్లో ఒక భూస్వామి ఇంట్లో నాలుగు తరాల గ్రూపు ఫొటో తీయించుకుని, ఫ్రేములు కూడా కట్టించుకుని, డబ్బుల కోసం స్టూడియో కుర్రాణ్ణి ఏడాదంతా తిప్పించారు. తిరిగిన కుర్రాడు ఎవరో నీకు తెలుసు.

ఇంకో సంగతి ప్రత్యేకంగా నీ కోసమే. 1892లో దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో జెనానా స్టూడియో పెట్టాడు. ఘోషా స్త్రీల కోసమే, ఎత్తైన గోడల మధ్య. లోపలికి మగవాళ్లెవరూ పోకూడదు. కెన్నీ లెవిక్ అనే ఆంగ్లేయ వనితకు ఆ స్టూడియో అప్పగించాడు. అప్పటిదాకా భర్తకో అన్నకో తప్ప ముఖం చూపని ఆడవాళ్లు అక్కడికొచ్చి తమ ఫొటో తీయించుకోగలిగారు. ఎంత తెలివైన ఏర్పాటో చూడు. తను వెళ్లలేని గడప ఉందని ఒప్పుకుని, అక్కడికి వెళ్లగలిగే మనిషిని కుదుర్చుకున్నాడు. నీకు ఆ ఇబ్బంది లేదు. పెళ్లికూతుర్ని చేసే గదిలోకి, బాలింత మంచం దగ్గరికి, మడి కట్టుకున్న ముత్తవ్వ వంటింట్లోకి నువ్వు వెళ్లగలవు. పేరున్న మగ ఫొటోగ్రాఫర్లు హాల్లో లైట్లు సర్దుకుంటూ ఉండగానే నువ్వు లోపల ఉంటావు. ఆ అవకాశాన్ని గౌరవంగా వాడుకో. ఎవరైనా వద్దంటే ఆ క్షణమే కెమెరా దించెయ్యి.

ఇప్పుడు అసలు మాట. ఇంత పొడుగు ఉత్తరం రాయడమే దీని కోసం. క్రితం సంక్రాంతికి వచ్చినప్పుడు నీ ల్యాప్‌టాప్‌లో చూపించిన ఫోల్డర్లు గుర్తున్నాయా? ఒకదానికి "ఫైనల్", ఇంకోదానికి "ఫైనల్ న్యూ", మరోదానికి "పెళ్లి 3". ఎవరి పెళ్లి? ఏ ఊరు? ఆ నీలం చీర ముసలమ్మ ఎవరని పెద్దమ్మ అడిగితే, పెళ్లికొడుకు తాలూకు అనుకుంటా అన్నావు. ఆ మాట అప్పటినుంచి పెదనాన్న మనసులో ముల్లులా ఉండిపోయింది.

పద్ధతి ఎలా ఉండేదో చెబుతాను. మేం పనిచేసిన స్టూడియోలో కౌంటరు పక్కన పొడుగాటి రిజిస్టరు ఉండేది, ఎర్ర కాలికో అట్టది. మనిషి కుర్చీలో కూర్చోకముందే పేరు, ఊరు, తేదీ, సైజు, ఎన్ని కాపీలు అన్నీ అందులోకి ఎక్కాలి. వరస నంబరు పడేది. అదే నంబరు నల్ల సిరాతో నెగటివ్ అంచున, అదే నంబరు కవరు మీద, అదే నంబరు ఫొటో వెనక. ఎర్ర బల్బు కింద హైపో వాసనలో తల తిరుగుతున్నా నంబరు తప్పకూడదు.

ఒకనాడు పరకాల వైపు నుంచి ఒకామె వచ్చింది. పాస్‌పోర్టు సైజు ఫొటో ఒకటి చీర కొంగులో కట్టుకొచ్చింది, సగం చెమటకు తడిసి ముఖం చెదిరిపోయింది. భర్త బావిలో పడి పోయాడు. దినం నాటికి పెద్ద ఫొటో కావాలి. ఆ చెదిరిన ముఖంతో ఏమీ చెయ్యలేం. ఫొటో తిప్పి చూస్తే వెనక నంబరు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. రిజిస్టరు తీస్తే పేరు, తేదీ దొరికాయి. అటక మీద కవర్ల కట్టలు విప్పితే నెగటివ్ దొరికింది. బ్యాంకు లోనుకు తీయించుకున్న ఫొటో అది. ఎన్‌లార్జర్ కింద పన్నెండు పదిహేను అంగుళాల కాగితం పెట్టాం. ట్రేలో మందు నీళ్లలోంచి ముందు కనుబొమ్మలు, తర్వాత మీసం, ఆ తర్వాత చొక్కా గుండీ తేలాయి. ఆమె ప్రింటు తీసుకుని చాలాసేపు కౌంటరు దగ్గరే నిలబడింది. డబ్బు తీసుకోవడానికి ఓనరు ఒప్పుకోలేదు. ఆ రోజు ఆ ఇంటికి మనిషి ముఖం దక్కిందంటే కెమెరా వల్ల కాదు బుజ్జీ, రిజిస్టరు రాసిన గుమాస్తా వల్ల.

రీటచింగ్ సంగతి కూడా ఇక్కడే చెబుతాను, నువ్వు ముఖాలు నున్నగా చేసే తీరు చూసి. పెన్సిలు ముల్లును గరుకు కాగితం మీద సూదిలా చెక్కుకుని, డెస్కు మీద నెగటివ్ పెట్టి, కింది నుంచి అద్దంలో వెలుగు పడుతుంటే ఒక్కో చుక్కే పెట్టేవాళ్లం. మొటిమలు, మచ్చలు వెళ్లిపోయేవి. ఒక అవ్వ నుదుటి మీది పచ్చబొట్టు తీసెయ్యమని ఓనరు అన్నాడు, బాగుంటుందని. ఆమె ప్రింటు చూసి ఇది నేను కాదంది. చిన్నప్పుడు అమ్మ దగ్గరుండి పొడిపించిన బొట్టు అది. మళ్లీ ప్రింటు వేసి, ఉన్నది ఉన్నట్టు ఇచ్చాం. నిద్రలేమి చారలు తియ్యి, తప్పులేదు. పుట్టుమచ్చ, పచ్చబొట్టు, కాటు గాయం, తాళి రాసుకున్న గుర్తు, వీటి జోలికి మాత్రం పోకు.

మళ్లీ పేర్ల దగ్గరికే వస్తున్నాను. 1902లో వైస్రాయి కర్జన్ దంపతులు నైజాం రాజ్యానికి వేటకు వచ్చారు. మన వరంగల్ దగ్గరి నెక్కొండ అడవుల్లో విడిది. దీన్‌దయాళ్ సంస్థ తీసిన వేట ఫొటో ఒకటి పుస్తకాల్లో చాలాసార్లు వస్తుంది. చచ్చిన పులి ముందు పడి ఉంటుంది, తుపాకి పట్టిన కర్జన్, పక్కన మేరీ కర్జన్. వాళ్ల పేర్లు అందరికీ తెలుసు. అలాంటి వేటల్లో ఏనుగును నడిపిన మావటి పేరు ఏమిటి? డప్పు కొట్టి అడవిని కదిలించిన ఊరివాళ్లెవరు? పులి జాడ ముందు చూసి చెప్పింది ఎవరు? మన తాతముత్తాతల ఊళ్లవాళ్లు కావచ్చు వాళ్లు. ఫొటో అట్ట మీద దొర పేరు, దొరసాని పేరు, తేదీ ఉంటాయి, వాళ్ల పేర్లు ఉండవు. ఆ కాలం తీరు అదే, ఒక్క దీన్‌దయాళ్‌ని అనడానికి లేదు. కానీ నీ చేతిలో ఉన్నప్పుడు నువ్వెందుకు రాయకూడదు? షష్టిపూర్తికి వంట చేసిన మనిషి పేరు రాయి. సన్నాయి వాయించినాయన పేరు, ఊరు రాయి. ఆ ఇంట్లో ఏళ్లుగా పనిచేస్తున్న ఆమె గ్రూపు ఫొటో అంచున నిలబడుతుంది, ఆమె పేరు ఇంటిపేరుతో సహా రాయి. పెళ్లికొడుకు పేరు ఎలాగూ ఎవరో ఒకరికి గుర్తుంటుంది.

దీన్‌దయాళ్ స్టూడియోలో నెగటివ్‌లకు నంబర్లు పెట్టేవారు. ఫలక్‌నుమా లోపలి గదులు, చౌమహల్లా, కంటోన్మెంటు కవాతులు, నవాబులు, దివాన్లు, దొరసానులు, పిల్లలు అన్నీ గాజు పలకల మీదే. 1904లో కొడుకు ధరంచంద్ పోయాడు. 1905 జూలైలో ఆయనా పోయాడు. వైభవం తగ్గింది. అయినా కుటుంబం పలకలను దాచింది. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 2,857 గాజు నెగటివ్‌లను కొనుక్కుంది. 2006లో ఆయన పేర తపాలా బిళ్ల వచ్చింది. ఈ రోజు ఆరో నిజాం నాటి హైదరాబాద్ ఎలా ఉండేదో మనం చూస్తున్నామంటే, బరువైన ఆ పెట్టెలు పారెయ్యకుండా ఉంచినవాళ్ల పుణ్యం. కలకత్తాలో బోర్న్ అండ్ షెపర్డ్ అని అంతకన్నా పాత స్టూడియో. 1991లో నిప్పంటుకుని దాని పాత నిల్వలో చాలా భాగం బూడిదైంది. 2016లో స్టూడియోనే మూతపడింది. ఒక్క చోట దాచింది ఒక్కసారిగా పోయింది.

నీ దగ్గర రెండు హార్డ్ డిస్కులున్నాయి, రెండూ ఒకే బ్యాగులో ఉంటాయి. ఆ బ్యాగు నీతోనే బస్సెక్కుతుంది. చదివితేనే గుండె దడగా ఉంది తల్లీ. ఒకటి మీ అమ్మ బీరువాలో పెట్టు. ఇంకోటి ఇక్కడికి పంపు, పెద్దమ్మ నగల పెట్టె పక్కన చోటిస్తానంది. ప్రతి ఫోల్డరుకు ముందు తేదీ, తర్వాత ఇంటిపేరు, తర్వాత ఊరు. ఫొటోలోనే వివరాలు రాసిపెట్టే వీలు ఉందటగా, మీ తమ్ముడు చెప్పాడు. పని ముగిసిన రాత్రే రాయి, పడుకోకముందు. వారం పోతే మేనత్త ఎవరో పినతల్లి ఎవరో కలిసిపోతారు. ఆ ఇంట్లో అందరి పేర్లూ వరసలూ తెలిసిన ముసలావిడ ఒకరు తప్పకుండా ఉంటారు. బయల్దేరే ముందు ఆవిడ పక్కన కూర్చుని, స్క్రీను మీద ఒక్కో ముఖం చూపించి అడిగి రాసుకో. ఆవిడకూ సంతోషం. ఎవరితో ఎలా మాట్లాడాలో కూడా అలాగే తెలుస్తుంది, మళ్లీ పిలుపు వస్తుంది. ఇంకో మాట, ముఖ్యమైన ఫొటోలు కాగితం మీద వేయించు. వేయించినవాటి వెనక మెత్తటి పెన్సిలుతో రాయి, బాల్ పెన్ను గీత ముందుకు పొంగుతుంది, సిరా ఊరుతుంది.

చాలా చెప్పాను. నువ్వు తీసిన మీ నానమ్మ ఫొటో ఇప్పుడు హాల్లోనే ఉంది, వచ్చినవాళ్లందరికీ పెద్దమ్మ చూపిస్తుంది. ఆ ఫొటోలో నానమ్మ నవ్వు ఆపుకుంటున్న తీరు పట్టుకోగలిగిన దానివి, ఏ జమీందారు ఇంట్లోనైనా నిలబడగలవు. ఆ ధైర్యం నాకుంది.

మీ తమ్ముడు ఆదివారం బయల్దేరుతున్నాడు. అతని చేత ఒక పార్సెలు పంపుతున్నాను. చింతకాయ పచ్చడి సీసా మూత గట్టిగా బిగించాం, అయినా నిలువుగానే పెట్టుకో. దాని కింద ఎర్ర అట్ట రిజిస్టరు ఉంది, హనుమకొండ చౌరస్తాలో చెప్పి కుట్టించాను. గళ్లు పెదనాన్నే గీశాడు: నంబరు, తేదీ, పేరు, ఊరు, వరస, ఎవరు చెప్పారు. చివరి గడి ఖాళీగా ఉంచాను, అందులో ఫోన్ నంబరు రాసుకో. కెమెరా బ్యాగులో పెట్టుకునే సిలికాజెల్ పొట్లాలు కూడా ఆ పార్సెల్లోనే ఉన్నాయి, వానాకాలం కదా, లెన్సుకు బూజు పట్టనివ్వకు.

మీ
పెదనాన్న